కర్సర్ కిందే మాన్యువల్

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో సీ భాష ఫైల్ తెరిచి, ప్రింట్‌ఎఫ్ అనే ఫంక్షన్ పేరు మీద కర్సర్ పెట్టి, పెద్ద కె (షిఫ్ట్‌తో కె) నొక్కండి. స్క్రీన్ మీద దాని మాన్యువల్ పేజీ, అంటే మ్యాన్ పేజీ వస్తుంది. చదవడం అయ్యాక క్యూ, తర్వాత ఎంటర్ నొక్కితే మళ్లీ మీ కోడ్‌లోనే, వదిలిన లైన్ మీదే ఉంటారు. బ్రౌజర్ తెరవలేదు, నెట్ వాడలేదు.

అయితే ఆ పేజీ మీకు కావలసింది కాదు. ప్రింట్‌ఎఫ్ పేరుతో షెల్‌లో, అంటే టెర్మినల్‌లో కొట్టే కమాండ్లలో, ఒక కమాండ్ కూడా ఉంది, వచ్చింది దాని పేజీ. మాన్యువల్‌ను భాగాలుగా పంచారు: 1లో కమాండ్లు, 2లో సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నేరుగా అడిగే పనులు), 3లో లైబ్రరీ ఫంక్షన్లు. 1971లో యునిక్స్ మొదటి మాన్యువల్ వేసినప్పటి నుంచీ ఈ మూడింటి వరుస ఇదే. కె నొక్కితే నడిచేది మ్యాన్ అనే కమాండ్, నంబర్ చెప్పకపోతే అది ముందు 1లో వెతుకుతుంది. అందుకని 3 నొక్కి, వెంటనే పెద్ద కె నొక్కండి. ఇప్పుడు సీ ఫంక్షన్ పేజీ వస్తుంది. రీడ్, ఓపెన్ లాంటి సిస్టమ్ కాల్స్‌కు 2 నొక్కి కె.

ఉబుంటు లినక్స్‌లో 2, 3 భాగాల పేజీలు అసలు రాకపోతే మ్యాన్‌పేజెస్-డెవ్ అనే ప్యాకేజీ లేదన్నమాట. ప్యాకేజీలు వేసే ఏపీటీ కమాండ్‌తో ఒక్కసారి వేసుకుంటే చాలు. విమ్ కూడా పూర్తిది వేసుకోండి. సిస్టమ్‌తో పాటు వచ్చే చిన్న విమ్‌లో దాని సొంత హెల్ప్ ఫైళ్లు ఉండవు.

ఈ అలవాటు నాకు ఎక్కడ పడిందో చెప్తాను. చర్లపల్లిలో ఒక చిన్న కంపెనీలో పని చేసేదాన్ని. లారీ కాటా నుంచి సీరియల్ పోర్ట్ ద్వారా బరువు చదివి స్లిప్ కొట్టే ప్రోగ్రామ్ నేనే రాశాను. కాటా ప్రతిసారీ 8 బైట్లు పంపుతుంది: ఆరు అంకెలు, చివర లైన్ ముగింపుకు రెండు బైట్లు. 12,480 కిలోల లారీ అయితే 012480 అని వస్తుంది. నేను రీడ్‌కు 8 అడిగి, వచ్చినదాన్ని నేరుగా నంబర్‌గా మార్చేశాను. ఆఫీసులో టెస్ట్ చేసినప్పుడు ప్రతిసారీ బాగానే వచ్చింది. కాటా దగ్గర పెట్టాక మాత్రం రోజుకు ఒకటో రెండో స్లిప్పుల్లో 12,480కి బదులు 1,248 పడేది. లారీ డ్రైవర్లు గొడవ, కాటా దగ్గర కూర్చునే పెద్దాయనకు టెన్షన్. కేబుల్ మార్చాం, పోర్ట్ మార్చాం. రెండు రోజులు నెట్‌లో వెతికాను. దొరికిన ఉదాహరణలన్నీ నా కోడ్ లాగే ఉన్నాయి.

మూడో రోజు మా సీనియర్ నా పక్కన కూర్చుని, కీబోర్డ్ తన వైపు లాక్కుని, రీడ్ మీద కర్సర్ పెట్టి 2 కె నొక్కారు. తర్వాత వెతకడానికి స్లాష్ కొట్టి రిటర్న్ వ్యాల్యూ అన్న శీర్షికకు వెళ్లారు. "ఇది చదువమ్మా" అన్నారు. అక్కడ స్పష్టంగా ఉంది: ఎన్ని బైట్లు చదివిందో ఆ సంఖ్య తిరిగొస్తుంది, సున్నా వస్తే ఫైల్ అయిపోయినట్టు, అడిగినదానికన్నా తక్కువ వచ్చినా అది తప్పు కాదు. అంటే ఒక్కోసారి 5 బైట్లే వచ్చేవి: 01248. మిగిలిన సున్నా తర్వాతి రీడ్‌లో వచ్చేది. లైన్ ముగింపు కనిపించేదాకా బైట్లు పోగుచేసే లూప్ రాశాను. ఆ రోజు నుంచి తప్పు స్లిప్ పడలేదు.

అందుకే మ్యాన్ పేజీని పైనుంచి కిందికి చదవమని ఎవరికీ చెప్పను. ముందు సినాప్సిస్ అనే శీర్షిక చూడండి, ఏ హెడర్ ఫైల్ కావాలో, ఆర్గ్యుమెంట్లు ఏమిటో ఉంటాయి. అక్కడి నుంచి నేరుగా రిటర్న్ వ్యాల్యూకు దూకండి. తర్వాత ఎర్రర్స్. చివర్లో నోట్స్, బగ్స్ అనే శీర్షికలు ఉంటే వాటిని వదలొద్దు, అనుభవం ఉన్నవాళ్లు మనల్ని హెచ్చరించేది అక్కడే.

పేజీ, కోడ్ రెండూ ఒకేసారి కనబడాలంటే విమ్‌తోనే వచ్చే మ్యాన్ ప్లగిన్‌ను ఆన్ చేసుకోవాలి. విమ్ సెట్టింగ్స్ ఉండే విమ్‌ఆర్‌సీ ఫైల్లో రెండు లైన్లు చాలు: ఒకటి ఆ ప్లగిన్‌ను లోడ్ చేసేది, రెండోది, కె నొక్కితే ఏం నడవాలో చెప్పే కీవర్డ్‌పీఆర్‌జీ అనే ఆప్షన్‌కు కోలన్ మ్యాన్ అని ఇచ్చేది, ఎం పెద్దక్షరం. లోడ్ చేసే లైన్ ఎలా రాయాలో కోలన్, హెల్ప్, ఖాళీ, మళ్లీ కోలన్ మ్యాన్ అని కొడితే అక్కడే ఉంటుంది, కాపీ చేసుకోండి. ఇక కె నొక్కితే పేజీ విమ్‌లోనే వేరే విండోలో తెరుచుకుంటుంది. ఆ పేజీలో ఇంకో ఫంక్షన్ పేరు కనబడితే దాని మీద కంట్రోల్, కుడి చదరపు బ్రాకెట్ కలిపి నొక్కండి, ఆ పేజీకి వెళ్తారు. వెనక్కి రావడానికి కంట్రోల్ టి. నేను రోజంతా వాడేది ఈ రెండే.

విమ్ గురించే సందేహం వస్తే కోలన్ హెల్ప్. పేరు సగమే గుర్తుంటే ఆ సగం కొట్టి కంట్రోల్ డి నొక్కండి, సరిపోయేవన్నీ చూపిస్తుంది. ఆప్షన్ పేరైతే సింగిల్ కోట్స్‌లో పెట్టాలి. అసలు పేరే తెలియకపోతే, హెల్ప్ ఫైళ్లన్నిట్లో వెతికే కోలన్ హెల్ప్‌గ్రెప్.

పైథాన్ సంగతి కొంచెం వేరు. మా పిన్ని కొడుకు అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర కోర్సు చేస్తున్నాడు. మొన్న ఆదివారం కూకట్‌పల్లిలో మా ఇంటికి వచ్చాడు. సాయంత్రం వాన పడి నెట్ పోయింది. "అక్కా, ఇదేంది, లిస్ట్‌ను సార్ట్ చేస్తే నన్ అని వస్తుంది?" అన్నాడు. నన్ అంటే పైథాన్‌లో ఏమీ లేదని. సార్ట్ ఇచ్చినదాన్ని మళ్లీ అదే వేరియబుల్‌లో పెట్టుకున్నాడు. విమ్‌లో పైథాన్ ఫైల్‌కు కె నొక్కితే పైథాన్ డాక్యుమెంటేషన్ చూపే పైడాక్ నడుస్తుంది. కానీ సార్ట్ అన్న మాట ఒక్కటే ఇస్తే దానికి ఏమీ దొరకదు, అది ఎవరి సార్టో దానికి తెలియదు కదా. వాడి చేతే కోలన్, ఆశ్చర్యార్థకం, పైడాక్3, ఖాళీ, లిస్ట్ డాట్ సార్ట్ అని కొట్టించాను. మొదటి వాక్యంలోనే ఉంది, లిస్ట్‌ను చిన్నదాని నుంచి పెద్దదానికి సర్ది నన్ ఇస్తుందని. ఉన్నచోటే సర్దుతుందని ఆ తర్వాతి వాక్యంలో ఉంది. "ఇది నా లాప్‌టాప్‌లోనే ఉందా అక్కా!" అన్నాడు. ఉంది, అదీ వాడు వాడుతున్న పైథాన్ వెర్షన్‌దే.

ఓఎస్ డాట్ పాత్ డాట్ జాయిన్ లాంటి చుక్కల పేర్లకు ఇంకో దారి ఉంది. చిన్న వీ నొక్కి పేరు మొత్తాన్ని సెలెక్ట్ చేసి, అప్పుడు పెద్ద కె నొక్కండి. సెలెక్ట్ చేసినదంతా పైడాక్‌కు వెళ్తుంది.

వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వాడేవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ. వెనకాల కోడ్‌ను చదివి అర్థం చేసుకునే లాంగ్వేజ్ సర్వర్ అనే ప్రోగ్రామ్ నడుస్తుంటుంది కాబట్టి వేరియబుల్ లిస్టో, స్ట్రింగో దానికి తెలుసు. మౌస్ పేరు మీద ఉంచితే చాలు, చిన్న పెట్టెలో వివరణ వస్తుంది. మౌస్ పట్టుకోవడం ఇష్టం లేకపోతే కంట్రోల్ కె, వెంటనే కంట్రోల్ ఐ. విమ్ నుంచే పుట్టిన నియోవిమ్‌లో 0.10 వెర్షన్ నుంచి లాంగ్వేజ్ సర్వర్ తగిలించుకుంటే మామూలు కె కూడా ఇదే పని చేస్తుంది. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో, దాని సొంత భాష ఈలిస్ప్ ఫంక్షన్‌కైతే కంట్రోల్ హెచ్, తర్వాత ఎఫ్.

ఆ చిన్న పెట్టెలో మాత్రం సీ ఫంక్షన్ల ఎర్రర్స్, బగ్స్ అన్నీ కనబడాలని లేదు. అందుకే రీడ్, రైట్, ఫోర్క్ లాంటి సిస్టమ్ కాల్స్ దగ్గరికి వచ్చేసరికి వీఎస్ కోడ్‌లో పని చేస్తున్నా సరే, కింద టెర్మినల్ తెరిచి మ్యాన్ 2 రీడ్ అని కొట్టి పూర్తి పేజీయే చూస్తాను.