మూడో లీగు మిడ్‌ఫీల్డర్ కెరీర్‌ని ఎలా చదవాలి

జర్మన్ ఫుట్‌బాల్ అంటే బయెర్న్, డార్ట్‌మండ్ దగ్గరే ఆగిపోయేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. మూడో లీగులో ఆడే ఒక మిడ్‌ఫీల్డర్‌ని, అంటే మైదానం మధ్యలో ఆడేవాడిని ఎంచుకోండి. క్లబ్‌ని కాదు, మనిషిని. అయిదారేళ్లు అతన్ని వదలకుండా గమనించండి. నేను డ్రెస్డెన్‌లో ఉంటాను కాబట్టి నా ఉదాహరణలన్నీ డైనమో డ్రెస్డెన్ చుట్టూనే తిరుగుతాయి. ఈ పద్ధతి మాత్రం ఓస్నాబ్రూక్ ఆటగాడికైనా, ఆహెన్ ఆటగాడికైనా పనికొస్తుంది.

మిడ్‌ఫీల్డరే ఎందుకంటే, స్ట్రైకర్ సంగతి గోల్స్ లెక్క చూస్తే సగం తెలిసిపోతుంది. మిడ్‌ఫీల్డర్ ఏడాదికి రెండు గోల్స్ కొట్టి కూడా జట్టులో అందరికంటే ముఖ్యమైనవాడు కావచ్చు. అది అంకెల్లో దొరకదు, వెతుక్కోవాలి.

ముందు లీగు ఎలా నడుస్తుందో తెలియాలి. మూడో లీగు 2008లో మొదలైంది. 20 జట్లు, 38 మ్యాచ్‌లు. మొదటి రెండు జట్లు నేరుగా రెండో అంచె అయిన రెండో బుందెస్‌లీగాకి వెళ్తాయి. మూడో జట్టు పై లీగులో 16వ స్థానంలో ఉన్న జట్టుతో రెండు మ్యాచ్‌లు ఆడి తేల్చుకోవాలి. కింది నాలుగు జట్లు రెగియోనాల్‌లీగాకి పడిపోతాయి. ఆ నాలుగో అంచెలో అయిదు విభాగాలున్నాయి, పైకి వచ్చే చోట్లు మాత్రం నాలుగే. అంటే తన విభాగంలో ఛాంపియన్‌గా నిలిచిన జట్టు కూడా కిందే ఉండిపోవచ్చు. ఇది అన్యాయమని తూర్పు జర్మనీ క్లబ్బులు గట్టిగా అంటున్నాయి, నేనూ వాళ్ల పక్షమే. మీ ఆటగాడు ఆ నాలుగో అంచెలో మూడేళ్లు ఉండిపోయాడంటే అతనికి సత్తా లేదని వెంటనే తేల్చేయకండి.

ఇప్పుడు ఆటగాళ్ల వివరాలుండే ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ సైట్‌లో అతని పేజీ తెరవండి. అందరూ మొదట చూసేది మార్కెట్ విలువ. దాన్ని పక్కన పెట్టండి, అది వాడుకరుల చర్చలతో కట్టే అంచనా, క్లబ్ చెల్లించే ధర కాదు. నేను చూసేది ఆడిన నిమిషాలు. 38 మ్యాచ్‌లూ పూర్తిగా ఆడితే 3,420 నిమిషాలు. 2,500 దాటాడంటే కోచ్ అతన్ని నమ్ముతున్నాడని నా లెక్క. మ్యాచ్‌లు 30 ఉండి నిమిషాలు 900 ఉంటే, చివర్లో దించే ఆటగాడన్నమాట. ఈ రెండో రకం వాళ్ల కెరీర్‌లోనే అసలు టెన్షన్ ఉంటుంది.

నిమిషాల పక్కన క్లబ్బులు మారిన వరసని పెట్టి, కింది నుంచి పైకి చదవండి. ఇందుకు నాకు తెలిసిన మంచి జంట 2015–16 డైనమో జట్టులోనే ఉంది. ఆ సీజన్‌లో డ్రెస్డెన్ మూడో లీగు గెలిచింది. హెర్తా బెర్లిన్ రెండో జట్టు నుంచి వచ్చిన రాబర్ట్ ఆండ్రిష్ అందులో ఉన్నాడు, అప్పుడప్పుడే సీనియర్ జట్టులోకి వస్తున్న నిక్లాస్ హౌప్ట్‌మాన్ కూడా ఉన్నాడు. ఇద్దరూ మిడ్‌ఫీల్డర్లే.

జట్టు పైకి వెళ్లింది, ఆండ్రిష్ వెళ్లలేదు. వేహెన్ వీస్‌బాడెన్‌లో చేరి రెండేళ్లు మూడో లీగులోనే ఆడాడు. అక్కడి నుంచి 2018లో హైడెన్‌హైమ్, 2019లో యూనియన్ బెర్లిన్, 2021లో లెవర్‌కూసెన్. 2024లో లెవర్‌కూసెన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా అన్నిటికంటే పై లీగు అయిన బుందెస్‌లీగా గెలిచినప్పుడు అతను మధ్యలో ఉన్నాడు. ఆ వేసవి యూరో పోటీల్లో టోనీ క్రోస్ పక్కన జర్మనీకి ఆడాడు. 2016లో పట్టిక చూసినవాళ్లకి అతను ఒక మెట్టు కిందే ఉండిపోయినట్టు కనిపించి ఉంటుంది. వీస్‌బాడెన్‌లో దొరికిన నిమిషాలే అతన్ని నిలబెట్టాయని నా నమ్మకం.

హౌప్ట్‌మాన్ దారి వేరు. తండ్రి రాల్ఫ్ హౌప్ట్‌మాన్ తూర్పు జర్మనీ రోజుల్లో డైనమో ఆటగాడు, తర్వాత కోల్న్‌లో ఆడాడు. నిక్లాస్ పుట్టింది అక్కడే, 1996లో. అతను డ్రెస్డెన్‌లో ఎదిగి 2018లో కోల్న్‌కి వెళ్లాడు. పేరు చూస్తే పెద్ద క్లబ్, కానీ అక్కడ నిలకడగా చోటు దొరకలేదు. మధ్యలో హోల్‌స్టైన్ కీల్‌కి లోన్ మీద, అంటే కొంతకాలం ఆడి తిరిగొచ్చే ఏర్పాటుతో వెళ్లాడు. 2022లో డ్రెస్డెన్ మళ్లీ మూడో లీగుకి పడిపోయిన వేసవిలోనే తిరిగొచ్చి, మూడు సీజన్లు ఆడి, 2025లో జట్టుతో పాటు పైకి వెళ్లాడు. ఇతని కెరీర్ ఆండ్రిష్ కెరీర్ కంటే చిన్నదని నేను ఒప్పుకోను. పడిపోయిన ఊరి జట్టుకి తిరిగొచ్చి దాన్ని లేపడం కూడా గొప్ప పనే.

కాబట్టి ప్రతి మార్పు దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకోండి. ఈ క్లబ్‌లో ఇతనికి ఆట దొరికిందా?

తర్వాత కాంట్రాక్టు. జర్మనీలో ఆటగాళ్ల ఒప్పందాలు దాదాపు అన్నీ జూన్ 30న ముగుస్తాయి. మామూలు ఉద్యోగాల్లో ఇలా ఏళ్ల తరబడి గడువు పెట్టి ఒప్పందాలు రాసుకోవడానికి చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఫుట్‌బాల్ ఆటగాళ్ల విషయంలో అది చెల్లుతుందని ఎర్‌ఫుర్ట్‌లోని సమాఖ్య కార్మిక న్యాయస్థానం 2018 జనవరిలో తీర్పిచ్చింది. మూడో లీగు ఒప్పందాల్లో చాలావాటికి ఇంకో మెలిక ఉంటుంది: అవి ఫలానా లీగులోనే చెల్లుతాయి. జట్టు కిందికి పడితే ఒప్పందం కూడా పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కింది నాలుగు స్థానాల చుట్టూ ఉన్న జట్ల మ్యాచ్‌లు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. పాతికేళ్ల కుర్రాడు ఆ మైదానంలో పరిగెత్తేది పాయింట్ల కోసం మాత్రమే కాదు, వచ్చే నెల జీతం కోసం కూడా.

క్లబ్ చేతిలో డబ్బు ఉందో లేదో కూడా చూడాలి. టుర్క్‌గూచూ మ్యూనిక్ దివాలా తీసి 2022 మార్చిలో సీజన్ మధ్యలోనే ఆగిపోయింది, వాళ్ల మ్యాచ్‌ల ఫలితాలన్నీ పట్టికలోంచి తీసేశారు. అలాంటి చోట ఆడినవాడి కెరీర్‌లో కనిపించే ఖాళీకి అతని తప్పేమీ లేదు.

గాయాల చరిత్ర కూడా ఒకసారి చూడండి. గాయపడితే మొదటి ఆరు వారాలు క్లబ్ జీతం ఇస్తుంది, ఆ తర్వాత ప్రమాద బీమా సంస్థ ఫావ్‌బేగే నుంచి డబ్బు వస్తుంది. వేసవిలో క్లబ్ లేకుండా మిగిలినవాళ్ల కోసం ఆటగాళ్ల సంఘం ఫావ్‌డేఫావ్ శిక్షణ శిబిరం నడుపుతుంది. మీ ఆటగాడి పేరు జులైలో ఎక్కడా కనిపించకపోతే అక్కడి వార్తలు వెతకండి.

ఇక మ్యాచ్ చూడటం. మ్యాచ్‌లన్నీ మజెంటా స్పోర్ట్‌లో వస్తాయి, కొన్ని ప్రాంతీయ ప్రజా ప్రసార ఛానెళ్లలో ఉచితంగా వస్తాయి, మాకైతే ఎండీఆర్. కానీ వీలైతే స్టేడియానికి వెళ్లండి. టీవీ కెమెరా బంతి వెనకే తిరుగుతుంది, మిడ్‌ఫీల్డర్ చేసే పని ఎక్కువగా బంతి లేనప్పుడే ఉంటుంది. మైదానం మొత్తం కనిపించేలా కాస్త ఎత్తులో సీటు తీసుకోండి. మొదటి ఇరవై నిమిషాలు అతన్నొక్కడినే చూడండి. బంతి తనవైపు రాకముందే ఎన్నిసార్లు తల తిప్పి వెనక్కి చూస్తున్నాడు? ఇద్దరు గాల్లో బంతి కోసం ఎగిరినప్పుడు, అది పడబోయే చోట ముందే ఉన్నాడా? ఈ లీగులో పొడవాటి బంతులు ఎక్కువ, కింద పడ్డ ఆ రెండో బంతిని ఎవరు అందుకుంటే ఆట వాళ్లది. ఫుల్‌బ్యాక్, అంటే అంచున ఆడే డిఫెండర్, ముందుకు వెళ్లినప్పుడు ఆ ఖాళీలోకి ఎవరు జరిగారు? దీనికి ఎవరూ చప్పట్లు కొట్టరు, మీరు చూడండి.

ఆరో నంబర్ స్థానంలో, అంటే డిఫెన్స్ ముందు ఆడేవాడైతే పసుపు కార్డులు లెక్కపెట్టండి. అయిదో కార్డుతో ఒక మ్యాచ్ నిషేధం పడుతుంది. నాలుగు కార్డులున్నవాడు కౌంటర్ ఎటాక్‌ని ఆపడానికి కాలు పెడతాడా, ఆగుతాడా అన్నది అతని గురించి చాలా చెబుతుంది. అతను లేని ఆ ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా చూడండి. అతని విలువ అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

ఎవరితో మొదలుపెట్టాలో తోచకపోతే, పై లీగు క్లబ్ నుంచి లోన్ మీద వచ్చిన ఇరవై, ఇరవై ఒక్కేళ్ల మిడ్‌ఫీల్డర్‌ని తీసుకోండి. ప్రతి జట్టూ మ్యాచ్ జాబితాలో జర్మనీకి ఆడే అర్హత ఉన్న 23 ఏళ్లలోపువాళ్లని కనీసం నలుగురిని పెట్టాలన్న నియమం ఉంది కాబట్టి, అలాంటి కుర్రాళ్లు ప్రతి క్లబ్‌లోనూ దొరుకుతారు. ఒక నోట్‌బుక్‌లో సీజన్‌కో పేజీ పెట్టి క్లబ్, నిమిషాలు, స్థానం, కాంట్రాక్టు ముగిసే ఏడాది రాసుకోండి. జూన్ 30 దాటాక కొత్త పేజీ తెరవండి.