చిన్న సెయిలింగ్ బోట్‌లో హాల్యార్డ్‌కి ఏ క్లీట్ పెట్టుకోవాలి

తెరచాపని మాస్ట్ (తెరచాప స్తంభం) పైకి లాగే తాడు హాల్యార్డ్, లాగిన తర్వాత దాన్ని జారకుండా పట్టి ఉంచేది క్లీట్, అది ఏ రకం ఉండాలన్నదే ఇక్కడ సంగతి. హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ మొదలుపెట్టిన చాలామందికి ఈ డౌట్ మొదట్లో రాదు, ఎందుకంటే పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ బోట్‌లో తెరచాపని మాస్ట్‌కి చిన్న చిన్న తాళ్లతో కట్టేస్తారు, ఒక్కరే నడిపే లేజర్ బోట్‌లో అయితే తెరచాపకి కుట్టిన తొడుగులోకి మాస్ట్‌ని దూర్చేస్తారు, రెండింట్లోనూ పైకి లాగే పని ఉండదు. ఎంటర్‌ప్రైజ్, 420 లాంటి ఇద్దరు నడిపే బోట్‌కి మారినప్పుడే ఇది ఎదురవుతుంది.

నాకు ఒక జూలై సాయంత్రం తెలిసొచ్చింది. గాలి బాగా ఉంది, ఎంటర్‌ప్రైజ్‌లో ఉన్నాం, మెయిన్ (పెద్ద తెరచాప) హాల్యార్డ్ కొంచెం కొంచెంగా జారుతూ పోయింది, తెరచాప ముందంచు అంతా ముడతలు పడింది, తెరచాప అడుగున ఉండే అడ్డ దండం, అంటే బూమ్, వెనక కొస తలకి తగిలేంత కిందికి వచ్చేసింది. ఒడ్డుకొచ్చి చూస్తే మాస్ట్ మీద ఉన్న పాత నైలాన్ క్లామ్ క్లీట్‌లో పళ్లు అరిగి నున్నగా అయిపోయి ఉన్నాయి. అంతకుముందు నెలే తాడు కొత్తది మార్చాను, క్లీట్ వైపు మాత్రం చూడలేదు.

అందుకే రెండూ కలిపే చూడాలి, ముందు తాడు సంగతి తేల్చుకోండి, దానికి తగ్గ క్లీట్ ఆ తర్వాత. ఏ క్లీట్ అయినా ఇన్ని మి.మీ. నుంచి ఇన్ని మి.మీ. వరకు అని ఒక లెక్కకి చేస్తారు, మీ తాడు ఆ లెక్కలో అడుగున ఉంటే పట్టు తక్కువే ఉంటుంది. చిన్న బోట్లకి 5 లేదా 6 మి.మీ. తాడు సరిపోతుంది. డైనీమా అనే పీచుతో చేసిన తాడు దాదాపు సాగదు, చాలా బలం, కానీ నున్నగా ఉంటుంది, పైన పాలియెస్టర్ తొడుగు లేకుండా ఉత్త డైనీమానే క్లీట్‌లో పెడితే మంచి క్లీట్ నుంచి కూడా జారిపోతుంది. కాబట్టి క్లీట్ పట్టే చోట తొడుగు ఉన్న తాడే ఉండాలి.

ఇక రకాలు. పాతకాలం నుంచి ఉన్నది హార్న్ క్లీట్, రెండు కొమ్ముల్లా ఉంటుంది, తాడుని 8 ఆకారంలో చుడతాం. కదిలే భాగం ఒక్కటీ లేదు, అరిగేది లేదు, చీకట్లో తడి చేతులతో కూడా విప్పొచ్చు, లోడ్ మీద ఉన్నా కొంచెం కొంచెంగా వదలొచ్చు. నాకు మెయిన్‌కి ఇప్పటికీ ఇదే ఇష్టం. క్లీట్ పొడవు తాడు మందానికి సుమారు 16 రెట్లు ఉండాలని ఒక లెక్క ఉంది, అంటే 6 మి.మీ. తాడుకి దాదాపు 100 మి.మీ., 8 మి.మీ. తాడుకి 130 దాకా. చిన్నది కొంటే రెండో చుట్టుకే చోటు అయిపోతుంది. బిగించేటప్పుడు తాడు వచ్చే దారికి సరిగ్గా సమాంతరంగా పెట్టకండి, 10 నుంచి 15 డిగ్రీలు వాలుగా పెట్టండి, లేకపోతే మొదటి చుట్టు దాని మీదే అది ఎక్కి ఇరుక్కుపోతుంది. తాడుని ముందు దూరంగా ఉన్న కొమ్ము కిందకి తీసుకెళ్లి అడుగున ఒక చుట్టు తిప్పాకే 8 వేయాలి.

క్లామ్ క్లీట్ అంటే లోపల పళ్లున్న వి ఆకారం గాడి, తాడుని అందులోకి లాగి వదిలితే చాలు పట్టేస్తుంది. ఒక్క క్షణం పని, ఒక చేత్తో అయిపోతుంది. హాల్యార్డ్‌కి అయితే నైలాన్ వద్దు, అల్యూమినియందే తీసుకోండి, నాది ఎలా అరిగిందో చెప్పాను కదా. ఇంకోటి, పళ్లు ఏటవాలుగా ఉంటాయి, లోడ్ లాగేకొద్దీ తాడు గాడి అడుగుకి దిగేలా బిగించాలి. తాడు మాస్ట్ అడుగున ఉన్న పుల్లీ దగ్గర బయటికొస్తే లోడ్ కిందికి లాగుతుంది, మాస్ట్ పైభాగంలో ఉన్న రంధ్రం నుంచి వస్తే లోడ్ పైకి లాగుతుంది, ఇది చూసుకోకుండా తలకిందులుగా బిగిస్తే తాడు గాడిలోంచి లేచి వచ్చేస్తుంది.

క్యామ్ క్లీట్‌లో స్ప్రింగ్ ఉన్న రెండు పళ్ల చక్రాలు ఉంటాయి. షీట్‌లకి (తెరచాపని లోపలికి లాగి వదిలే తాళ్లకి) అద్భుతం, స్పిన్నేకర్ (గాలి వెనక నుంచి వీచేటప్పుడు ఎత్తే బుడగలాంటి తెరచాప) హాల్యార్డ్‌కి కూడా బాగుంటుంది ఎందుకంటే దాన్ని గబగబా ఎక్కించి గబగబా దించాలి. మెయిన్‌కి మాత్రం నేను పెట్టను, కాలో లైఫ్ జాకెట్టో తగిలి తాడు పైకి లేచిందంటే తెరచాప మొత్తం ఒళ్లో పడుతుంది, పైగా గట్టి లోడ్ మీద ఉన్నప్పుడు తాడుని పైకి లేపి విడిపించడం కష్టం.

రోప్ క్లచ్ చూడటానికి బాగుంటుంది, లివర్ వేస్తే పట్టుకుంటుంది, చాలామంది పెద్ద బోట్లలో చూసి అదే కావాలంటారు. కానీ దాని అసలు ఉపయోగం వించ్ (తాడు చుట్టి లాగే డ్రమ్ము) ఉన్న చోట, ఒకే వించ్‌ని మూడు నాలుగు తాళ్లకి వాడుకోవడానికి. వించ్ లేని 4 మీటర్ల బోట్‌కి అది బరువు, ఖర్చు తప్ప ఇంకేం లేదు.

జిబ్, అంటే మాస్ట్ ముందు ఉండే చిన్న తెరచాప, దాని కథ వేరు, ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఎంటర్‌ప్రైజ్, 420 లాంటి వాటిలో జిబ్ ముందంచులో వైర్ ఉంటుంది, జిబ్ బిగించాక మాస్ట్‌ని ముందుకి పట్టి ఉంచేది ఆ వైరే, మాస్ట్‌ని ముందు నుంచి పట్టే మామూలు తీగ, ఫోర్‌స్టే, వదులైపోతుంది. అంటే జిబ్ హాల్యార్డ్ మీద పడేది తెరచాప బరువు కాదు, మొత్తం రిగ్ టెన్షన్ (మాస్ట్‌ని పట్టే తీగల బిగువు), అది 100 కిలోలు దాటడం మామూలే. దాన్ని క్లామ్ క్లీట్‌తో పట్టాలనుకోవద్దు. హాల్యార్డ్‌లో లోడ్ పడే భాగం వైర్ పెట్టి, చివర కంటిని (ఉంగరంలా తిప్పిన కొసని) మాస్ట్ మీద ఉన్న హుక్ ర్యాక్‌కి (వరసగా కొక్కేలున్న పట్టీకి) తగిలించి, లివర్‌తోనో కప్పీల సెట్‌తోనో బిగించాలి. లివర్ వేసేటప్పుడు అది ఒక్కసారిగా పడుతుంది, వేళ్లు జాగ్రత్త, ముఖ్యంగా పిల్లల చేత వేయిస్తుంటే.

బిగించడం గురించి కొంచెం గట్టిగా చెప్తాను, మంచి క్లీట్ కొని చెత్త రివెట్‌లతో బిగించిన బోట్లు చాలా చూశాను. చిన్న మాస్ట్ గోడ చాలా పలచగా ఉంటుంది, అందులో మర కోసి స్క్రూ పెడితే నిలవదు, రివెట్ కొట్టాలి, అదీ మామూలు అల్యూమినియం రివెట్ కాదు, మోనెల్ (నికెల్, రాగి కలిసిన లోహం) లేదా స్టెయిన్‌లెస్. స్టెయిన్‌లెస్ అల్యూమినియంకి నేరుగా తగిలితే ఉప్పు నీళ్లలో అల్యూమినియం తెల్ల పొడిగా తినుకుపోతుంది, హుస్సేన్ సాగర్‌లో ఇది నెమ్మదిగా జరుగుతుంది కానీ విశాఖ సముద్రంలో దింపే బోట్ అయితే మధ్యలో దానికోసమే దొరికే పేస్ట్ తప్పకుండా రాయండి. డెక్ మీద పెట్టాల్సి వస్తే స్క్రూలు వద్దు, ఆరపార బోల్ట్ వేసి కింద ప్లేట్ పెట్టండి.

చోటు కూడా చూసుకోండి, బోట్‌లో కూర్చున్న చోటి నుంచే చెయ్యి అందాలి. గాలివాన ఎక్కినప్పుడు మెయిన్ దించడానికి లేచి నిలబడి మాస్ట్ దగ్గరికి వెళ్లాలంటే ఇద్దరు మనుషుల బోట్ అక్కడే బోల్తా కొడుతుంది. నేను కొనే ముందు ప్రతి క్లీట్‌నీ చెయ్యి తడుపుకుని, తాడుకి బరువు కట్టి, ఒక చేత్తో విప్పి చూస్తాను, పట్టడం ఎంత ముఖ్యమో అడిగినప్పుడు వదలడం కూడా అంతే ముఖ్యం. తాడు చివర మాత్రం ఏదో ఒక రింగ్‌కి కట్టి ఉంచండి, లేకపోతే చేతిలోంచి జారి మాస్ట్ లోపలికి వెళ్లిపోతుంది, మాస్ట్ పడుకోబెట్టే దాకా దొరకదు.

అంతా బిగించాక తెరచాప ఎక్కించి, క్లీట్ అంచు దగ్గర తాడు మీద మార్కర్‌తో ఒక గీత పెట్టండి, గాలి ఉన్న రోజు ఒక గంట తిరిగి రండి. గీత అక్కడే ఉంటే సరే. కదిలి ఉంటే ముందు తాడు తొడుగు లోపలి కోర్ మీద వదులుగా ఉందేమో చేత్తో నలిపి చూడండి, అది గట్టిగానే ఉంటే క్లీట్ సైజు తప్పు, లేదా దాని పళ్లు అరిగాయి.