మేధోవైకల్యం ఉన్న పిల్లలకు మహమ్మారి జాగ్రత్తలు నేర్పడం ఎలా?

2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు బడులు మూతపడ్డాయి, జాగ్రత్తలేమో టీవీల్లో పొడవైన ఉపన్యాసాలుగా వినిపించాయి. కంటికి కనబడని వైరస్ గురించి ఎంత వివరించినా మేధోవైకల్యం ఉన్న చాలామంది పిల్లలకు అది అందదు. అదే చేతులతో రోజూ చేసే పనైతే అలవాటుగా నిలుస్తుంది. అందువల్ల భయపెట్టకుండా, ఒకసారికి ఒక్క పనినే నేర్పాలి.

ముందు చేతులు కడుక్కోవడంతో మొదలుపెట్టండి. తడపడం, సబ్బు రుద్దడం, అరచేతులు, చేతుల వెనుక భాగం, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్లు శుభ్రం చేయడం, నీళ్లు పోసుకోవడం, తువాలతో తుడుచుకోవడం అని పనిని విడదీసి, ఒక్కోదానికి ఆ బిడ్డ చేతులనే ఫోటో తీసి వరుసగా అంటించండి. తొలిరోజుల్లో అన్నీ మీరు చేయి పట్టి చేయించి, చివరి పని, అంటే తుడుచుకోవడం, బిడ్డకు వదలండి. అది వచ్చాక చివరి రెండు పనులు వదలండి. ఇలా వెనుక నుంచి ముందుకు వస్తే, పని పూర్తిచేశానన్న సంతోషం బిడ్డకు ప్రతిసారీ దక్కుతుంది. సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దాలి కాబట్టి, ఆ సమయానికి సరిపడే బతుకమ్మ పాట చరణాలను గడియారం చూసి ఎంచుకోండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో నల్లా దగ్గర నేర్చుకున్న బిడ్డ ఇంట్లో బకెట్టు, చెంబు ముందు తడబడవచ్చు. అక్కడ కూడా విడిగా నేర్పాలి. అమ్మానాన్నలు వలస వెళ్లిన పాలమూరు పల్లెల్లో బిడ్డను చూసుకునేది అవ్వాతాతలే కనుక, వారిని పిలిచి అదే వరుస, అవే మాటలు చూపించడం తప్పనిసరి.

మాస్కుకు మరింత ఓపిక కావాలి. మొదట చేత్తో తాకనివ్వండి, తర్వాత ముఖానికి ఆనించండి, ఆపై ఐదు లెక్కపెట్టేవరకు ఉంచి వెంటనే మెచ్చుకోండి, సమయాన్ని మెల్లగా పెంచండి. బలవంతంగా కడితే ఆ భయం చాలాకాలం పోదు. తనంతట తాను మాస్కు తీసేసుకోలేని బిడ్డకు, ఊపిరి కష్టమయ్యే బిడ్డకు అసలు పెట్టకూడదు.

దూరం పాటించడానికి నేలపై ముగ్గుతో గుండ్రాలు గీస్తే చాలు. కురుమూర్తి జాతర రద్దీ ఫోటోను, ఖాళీ వాకిలి ఫోటోను పక్కపక్కన పెట్టి, మహమ్మారి సమయంలో ఎక్కడికి వెళ్లవచ్చో వేలితో చూపించమనండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒంట్లో బాగాలేదని చెప్పడం నేర్పడం, ఎందుకంటే నొప్పిని చెప్పలేని బిడ్డకు చికిత్స ఆలస్యమవుతుంది. మనిషి బొమ్మ గీసి, తల, గొంతు, ఛాతీ, కడుపు తాకి చూపించే ఆటను బిడ్డ ఆరోగ్యంగా ఉన్నప్పుడే రోజూ ఆడించండి. మాటలు రాని బిడ్డ విషయంలో మీరే గుర్తించాలి: ఇష్టంగా తినే జొన్నరొట్టెను తోసేయడం, పగలు పడుకోవడం, ఊరికే చిరాకుపడటం కూడా జ్వరానికి ముందు సూచనలు కావచ్చు. అలాంటి మార్పులు బిడ్డలో ఎలా కనిపిస్తాయో ఒక కాగితంపై రాసి, దాని నకలును మీ ఊరి ఆశ కార్యకర్తకు ముందుగానే ఇవ్వండి.