ఆల్కో ఇంజిన్‌ని గుర్తుపట్టడం ఎలా

మా తాత బిట్రగుంట లోకోషెడ్‌లో ఫైర్‌మన్. బొగ్గింజిన్ స్టీమ్ ఎక్కడానికే గంటలు పట్టేదని, దిగాక బూడిద తీయడం, నీళ్లు పట్టడం వేరే పనని చెప్పేవాడు. ఆ పనంతా లేకుండా చేసింది డబ్ల్యూడీఎం-2 అనే డీజిల్ ఇంజిన్. 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి మొదటివి వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో మనమే తయారుచేశాం. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, ఎం అంటే ప్యాసింజర్‌కీ గూడ్సుకీ రెండింటికీ పనికొచ్చేది.

దీన్ని ముందు చెవితో పట్టుకోవాలి. బండి ఆగి ఉన్నప్పుడు కళ్లు మూసుకుని వినండి. ఆల్కో ఒకే తీరుగా మోగదు, డుగుడుగు, డుగ్... డుగుడుగు అని మధ్యలో ఒక దెబ్బ ఆలస్యమైనట్టు ఉంటుంది. గిద్దలూరులో ఒక రాత్రి అది ఎదురుగా నిలబడి ఉంటే నేను కూర్చున్న ఇనప బెంచీ సన్నగా వణికింది, అరచేయి ఆనిస్తే ఆ లెక్కంతా చేతికి తెలిసింది. తర్వాత వచ్చిన ఈఎండీ అనే మరో అమెరికా కంపెనీ రకం డబ్ల్యూడీజీ-4 లాంటివి అలా ఉండవు, సమంగా హోరుమంటాయి, పైన సన్నటి ఈల ఒకటి వినిపిస్తుంది.

బండి కదిలేటప్పుడు పొగ చూడండి. డ్రైవర్ నాచ్, అంటే ఇంజిన్ వేగాన్ని పెంచే మెట్టు, పెంచగానే సిలిండర్లలోకి డీజిల్ వెంటనే ఎక్కువైపోతుంది, కానీ గాలిని లోపలికి తోసే టర్బో వేగం అందుకోవడానికి కొంచెం టైమ్ పడుతుంది, ఆ కాసేపు డీజిల్ పూర్తిగా కాలక నల్లటి పొగ గుప్పున లేస్తుంది. టర్బో అందుకున్నాక పొగ పలచబడుతుంది. మొత్తం ఎనిమిది నాచ్‌లు, నిమిషానికి 400 చుట్ల దగ్గర మొదలై 1000 దాకా వెళ్తుంది. ఇంకో మాట, ఇక్కడ డీజిల్ నేరుగా చక్రాన్ని తిప్పదు. 16 సిలిండర్ల ఇంజిన్ జనరేటర్‌ని తిప్పితే, ఆ కరెంటుతో ఇరుసుల దగ్గరున్న ఆరు మోటార్లు తిరుగుతాయి. అందుకే దీన్ని డీజిల్-ఎలక్ట్రిక్ అంటారు.

ఆకారం విషయానికొస్తే డ్రైవర్ ఉండే గది, అంటే క్యాబ్ ఒకటే, ఒక కొసకి దగ్గరగా ఉంటుంది. ఆ పక్క ముక్కులా ఉండే పొట్టి భాగం షార్ట్ హుడ్, రెండో పక్క పొడవాటిది లాంగ్ హుడ్. కింద చక్రాలని పట్టి ఉంచే చట్రంలో మూడు చక్రాల మధ్య ఎడం చూడండి, రెండు దగ్గరగా, మూడోది కాస్త దూరంగా ఉంటాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 3100 హార్స్‌పవర్ ఉన్న డబ్ల్యూడీఎం-3ఏ, 2600 ఉన్న డబ్ల్యూడీఎం-2 దూరం నుంచి అచ్చం ఒకేలా ఉంటాయి, ఆకారం చూసి తేల్చేయొద్దు. క్యాబ్ పక్కన రాసిన క్లాస్ పేరు, నంబర్ చదవండి. డబ్ల్యూడీఎం-2లు ఎక్కువగా 16, 17, 18 వేల వరుసల్లో ఉంటాయి. నంబర్ చివర ఆర్ అక్షరం ఉంటే పాతదాన్ని విప్పి మళ్లీ కట్టారని అర్థం. షెడ్ పేరు కూడా అక్కడే ఉంటుంది, మన వైపు గుత్తి, కాజీపేట, గుంతకల్లు లాంటివి కనిపించేవి.

నెల్లూరు, ఒంగోలు మెయిన్ లైన్‌కి కరెంటు తీగలు ఎప్పుడో వచ్చాయి. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు మాత్రం మీటర్‌గేజ్ తీసేసి బ్రాడ్‌గేజ్ వేశాక చాలా ఏళ్లు డీజిలే లాగింది, నల్లమల ఎక్కుడులో ఆల్కో ఆయాసపడే చప్పుడు బోగీ కిటికీలోంచి వినడం నాకు చాలా ఇష్టం. ఇప్పుడు అక్కడా తీగలు పడ్డాయి, కాబట్టి ఎక్కడైనా యార్డులో షంటింగ్ చేస్తూ దొరికితే వదలొద్దు. పట్టాలు దాటి దగ్గరికి వెళ్లకండి, ప్లాట్‌ఫారం మీద పసుపు గీతకి ఇవతలే నిలబడి ఫోన్ రికార్డర్ ఆన్ చేయండి, ఆగి ఉన్నప్పటి నుంచి కదిలి దూరమయ్యేదాకా ఆపకండి, మధ్యలో మాట్లాడకండి. రికార్డింగ్ అయిపోయాక నంబర్, షెడ్, స్టేషన్, తేదీ మీ గొంతుతోనే చివర చెప్పి సేవ్ చేసుకోండి.