ల్యాబ్ రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: పేగులో చేరిన టైఫాయిడ్‌ను రక్తంలో ఎందుకు వెతుకుతారు?

గత పాఠంలో తెల్లకణాల లెక్క చూశాం. ఈసారి బ్లడ్ కల్చర్, అంటే రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో ఉంచి, అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష. ఆ రిపోర్టు అర్థం కావాలంటే ముందు క్రిమి వెళ్లే దారి తెలియాలి.

కలరా క్రిమి పేగు గోడకు అంటుకుని విషం వదులుతుంది, గోడ దాటదు. షిగెల్లా గోడలోకి చొరబడినా సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీ అలా కాదు. కలుషితమైన నీటితోనో తిండితోనో చిన్నపేగు చివరికి చేరి, అక్కడి గోడలో రోగనిరోధక కణాల గుంపులైన పేయర్ ప్యాచ్‌ల మీదుగా గోడ దాటుతుంది. దాన్ని మింగి చంపాల్సిన మ్యాక్రోఫేజ్ కణాల్లోనే బతికిపోతుంది. అలా దాక్కుంటూనే లింఫ్ గ్రంథుల గుండా రక్తంలోకి, ఆపైన కాలేయం, ప్లీహం, ఎముక మజ్జలకు చేరుతుంది. ఇంతవరకు రోగికి దాదాపు ఏమీ తెలియదు. అక్కడ పెరిగి రెండోసారి రక్తంలోకి వచ్చినప్పుడే, అంటే సాధారణంగా ఒకటి రెండు వారాలకు, జ్వరం మొదలవుతుంది. పిత్తాశయం నుంచి మళ్లీ పేగులోకీ దిగుతుంది. సరైన మందు పడకపోతే మూడో వారం ప్రాంతంలో పేగుకు రంధ్రం పడవచ్చు.

ఇక రిపోర్టు. ఒక మిల్లీలీటరు రక్తంలో ఒక్క క్రిమి కూడా దొరకకపోవచ్చు. అందుకే పెద్దవాళ్లకు 8–10 మిల్లీలీటర్లు తీస్తారు, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు తీస్తేనే మేలు. ‘నో గ్రోత్’ అని వస్తే సీసాలో ఏమీ పెరగలేదని మాత్రమే అర్థం, టైఫాయిడ్ లేదని కాదు. క్రిమి పెరిగితే మాత్రం కింద మందుల పట్టిక ఉంటుంది: ‘ఎస్’ అంటే ఆ మందు పనిచేస్తుంది, ‘ఆర్’ అంటే క్రిమి దానికి లొంగదు. నా దృష్టిలో మొత్తం రిపోర్టులో అతి విలువైన భాగం ఇదే.

మన ఊళ్లలో ఇప్పటికీ విడాల్ పరీక్ష ఒక్కటే చూసి మందులు మొదలుపెట్టడం బాధ కలిగిస్తుంది. అది క్రిమిని చూపదు, క్రిమి మీద శరీరం తయారుచేసిన యాంటీబాడీలను చూపుతుంది. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్ వల్ల, కొన్నిసార్లు వేరే జ్వరాల వల్ల కూడా ‘పాజిటివ్’ రావచ్చు.

జ్వరంతో పాటు కడుపులో తీవ్రమైన నొప్పి, నల్లటి విరేచనం, మాట తడబడటం కనిపిస్తే రిపోర్టు కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

అభ్యాసం: జ్వరం ఆరో రోజు. మూడు రోజులుగా యాంటీబయాటిక్ వాడకం. కల్చర్ ‘నో గ్రోత్’, విడాల్ ‘ఓ 1:80’ (‘ఓ’ ఆ యాంటీబాడీల్లో ఒక రకం; 1:80 అంటే రక్తంలోని సీరాన్ని 80 రెట్లు పలచన చేసినా అవి కనిపించాయని). డాక్టరును ఏ రెండు ప్రశ్నలు అడుగుతారో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠం వాటితోనే మొదలవుతుంది.