పెద్ద పత్రాలను ఏఐతో చదివించడం - మూడో పాఠం: జవాబుకన్నా ముందు చోటు అడగండి

పోయిన పాఠంలో పత్రాన్ని ఏఐకి ఇచ్చేముందు చేయాల్సిన పనులు చూశాం. స్కాన్ కాపీని అక్షరాలుగా మార్చుకోవడం, పేజీ నంబర్లు పోకుండా చూసుకోవడం, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా నంబర్లు చెరిపేయడం. చెరిపే పని ఇంకా చేయనివాళ్లు ఈ పాఠం పక్కన పెట్టి ముందు అది కానివ్వండి.

ఈసారి మనకు సరుకు ఫ్లాట్ సేల్ అగ్రిమెంట్. బెంగళూరులో వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం, సర్జాపూర్ రోడ్డు వైపు ఫ్లాట్ బుక్ చేసుకున్న మనవాళ్లలో చాలామంది దగ్గర ఆ కట్ట ఉంటుంది. పేజీ పేజీకీ సంతకం పెడతాం, చదివేది మాత్రం ధర, చదరపు అడుగులు, పేరులో స్పెల్లింగు. ఏఐ అసలు అక్కరకొచ్చేది ఇక్కడే. తప్పుదోవ పట్టించేదీ ఇక్కడే.

మన ప్రశ్న ఒక్కటే: "బిల్డర్ ఫ్లాట్ ఆలస్యంగా ఇస్తే నాకెంత వస్తుంది?"

పాఠం కోసం ఒక అగ్రిమెంట్‌ను ఊహించుకుందాం. ఫ్లాటు 1,200 చదరపు అడుగులు. 6వ పేజీలో, 1వ నిబంధన కింద, "పూర్తయ్యే తేదీ" అంటే 2026 డిసెంబరు 31, దానికి తోడు ఆరు నెలల గ్రేస్ పీరియడ్ (అదనపు గడువు) అని ఉంది. 38వ పేజీలో 11వ నిబంధన: పూర్తయ్యే తేదీ దాటాక ప్రతి నెలకూ చదరపు అడుగుకు 5 రూపాయల చొప్పున బిల్డర్ చెల్లిస్తాడు. 57వ పేజీలో 19వ నిబంధన: కొనేవారు ఏ వాయిదా అయినా బాకీ ఉంటే 11వ నిబంధన వర్తించదు. 81వ పేజీలో, అనుబంధంలో: వాయిదా ఆలస్యమైతే కొనేవారు ఏడాదికి 18 శాతం వడ్డీ కట్టాలి.

తాళాలు 2027 అక్టోబరు 31న ఇచ్చారనుకోండి. ప్రశ్న నేరుగా అడిగితే ఏఐ 11వ నిబంధన పట్టుకుని "నెలకు 6,000 చొప్పున పది నెలలకు 60,000 రూపాయలు" అనేయగలదు. లెక్క తప్పు కాదు, మొదలుపెట్టిన తేదీ తప్పు. గ్రేస్ పీరియడ్ 2027 జూన్ 30 దాకా ఉంది కాబట్టి ఆలస్యం నాలుగు నెలలే, వచ్చేది 24,000. ఒక్క వాయిదా బాకీ ఉన్నా అదీ రాదు. మూడు చోట్ల చూస్తే తప్ప తేలని జవాబు ఇది.

ఎందుకిలా జరుగుతుంది? పత్రం పట్టకపోవడం వల్ల కాదు. 2020లో వచ్చిన జీపీటీ-3 అనే ఏఐ మోడల్ ఒకసారికి 2,048 టోకెన్లే (టోకెన్ అంటే పదమో, పదంలో ముక్కో) చూడగలిగేది, అంటే కొన్ని పేజీలు. 2023లో క్లాడ్ లక్ష టోకెన్లకు, 2024లో జెమినై 1.5 పది లక్షలకు చేరాయి. మన అగ్రిమెంట్ అందులో హాయిగా పడుతుంది. పట్టడం వేరు, అంతటినీ సమానంగా పట్టించుకోవడం వేరు. పొడవైన పత్రంలో మొదటా చివరా ఉన్న సంగతులను దొరకబుచ్చుకున్నంత బాగా మధ్యలోవాటిని మోడళ్లు పట్టుకోలేకపోతున్నాయని 2023లో ఒక పరిశోధన చూపించింది. కొత్త మోడళ్లు చాలా మెరుగయ్యాయి, అయినా 57వ పేజీ విషయంలో నమ్మకం మీద బతకొద్దు.

ఇంకో రకం టూల్స్ ఉన్నాయి, ఫైళ్లు చాలా ఉన్నప్పుడు వాడేవి. అవి పత్రాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క అర్థాన్ని అంకెల వరసగా మార్చి దాచుకుంటాయి. మీరు ప్రశ్న అడగ్గానే దానికి దగ్గరగా అనిపించిన కొన్ని ముక్కల్ని మాత్రమే తీసి మోడల్ ముందు పెడతాయి. 19వ నిబంధనలో "ఆలస్యం", "పరిహారం" అన్న మాటలే లేవు, ఉన్నది "వాయిదా బాకీ". ఆ ముక్క పైకి రాకపోతే అది ఉందన్న సంగతి కూడా మోడల్‌కు తెలియదు. తెలియనిదాని గురించి అది మిమ్మల్ని హెచ్చరించలేదు కదా.

అందుకని మొదటి విడతలో జవాబు అడక్కండి. ఇలా అడగండి:

"జవాబు చెప్పొద్దు. ఫ్లాట్ అప్పగింత, ఆలస్యం, పరిహారం, గ్రేస్ పీరియడ్, వాయిదా బాకీ, వడ్డీ, ఒప్పందం రద్దు - వీటిలో దేని గురించి ఉన్నా ఆ నిబంధన నంబరు, పేజీ నంబరు రాసి, వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఇంగ్లిష్‌లోనే ఎత్తి రాయి."

ఇంగ్లిష్‌లోనే ఎందుకంటే, తెలుగులోకి మార్చిన వాక్యాన్ని పీడీఎఫ్‌లో వెతకలేం. ఎత్తి రాసిన ప్రతి వాక్యంలోంచి వరసగా నాలుగైదు పదాలు కాపీ చేసి కంట్రోల్ ఎఫ్ కొట్టండి. వాక్యం మొత్తం పెడితే లైను విరిగిన చోట దొరక్కపోవచ్చు. నాలుగు పదాలకూ దొరకలేదంటే ఆ పేజీకి వెళ్లి కళ్లతో చూడండి. అక్కడా లేకపోతే ఆ వాక్యం ఏఐ సొంత కవిత్వం.

రెండో విడత ప్రశ్న చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో ఇదే అసలుది. ఇంగ్లిష్ అగ్రిమెంట్లలో వాక్యం మధ్యలో పెద్ద అక్షరంతో మొదలయ్యే పదాలు కనిపిస్తాయి. సాధారణంగా వాటికి ఆ పత్రంలోనే వేరే చోట ప్రత్యేకంగా అర్థం చెప్పి ఉంటారు. "పైన ఎత్తి రాసిన వాక్యాల్లో పెద్ద అక్షరంతో ఉన్న ప్రతి పదానికీ అర్థం ఎక్కడ ఇచ్చారో చూపించు" అనండి. మన గ్రేస్ పీరియడ్ బయటపడేది అలాగే.

మూడో విడతలో జవాబు: "ఈ వాక్యాల మీదే ఆధారపడి తెలుగులో చెప్పు. ప్రతి వాక్యం చివర నిబంధన నంబరు వెయ్యి. అగ్రిమెంట్‌లో లేనిదైతే లేదని చెప్పు. చట్టం గురించి చెప్పాలనిపిస్తే వేరే పేరాలో రాయి."

ఆ చివరి మాట అవసరం. రెరా (ఇళ్లు, ఫ్లాట్లు కొనేవారి రక్షణకు వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) గురించి మోడల్ ముందే చదివి ఉంటుంది, పత్రంలో ఉన్నదాన్నీ చట్టంలో ఉన్నదాన్నీ కలిపేసి ఒకే గొంతుతో చెబుతుంది. ఇక్కడ రెండూ ఒకటి కావు. 2016 నాటి రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారం, కొన్నవారు ప్రాజెక్టులోంచి తప్పుకోకుండా కొనసాగితే, ఆలస్యమైన ప్రతి నెలకూ బిల్డర్ వడ్డీ చెల్లించాలి. కొనేవారి మీద వేసే వడ్డీ రేటు, బిల్డర్ ఇవ్వాల్సిన రేటు సమానంగా ఉండాలనీ ఆ చట్టం చెబుతోంది. కర్ణాటక 2017 నిబంధనల్లో ఆ రేటు ఎస్‌బీఐ అత్యధిక ఎంసీఎల్ఆర్ (బ్యాంకు అప్పులకు ఆధారంగా పెట్టుకునే వడ్డీ రేటు) మీద రెండు శాతం. అంటే మనకు 18 శాతం, వాళ్లకు అడుగుకు 5 రూపాయలు అన్న ఏర్పాటునే ప్రశ్నించవచ్చు. కాగితం మీద ఏముందో ఒక పేరా, చట్టం ఏమంటుందో ఇంకో పేరా విడివిడిగా చేతిలో ఉంటే లాయరు దగ్గర మీ అరగంట వృథా కాదు.

ప్రశ్నలో జవాబు పెట్టొద్దు. "గ్రేస్ పీరియడ్ ఏడాది కదా?" అంటే తలూపే గుణం ఈ మోడళ్లకు ఉంది. "ఎంత?" అని అడగండి. కొత్త టూల్ వాడేముందు అగ్రిమెంట్‌లో లేదని మీకు కచ్చితంగా తెలిసిన సంగతి ఒకటి అడిగి చూడండి. దానికి కూడా నంబరుతో సహా నిబంధన చూపిస్తే ఆ టూల్‌కు దణ్ణం పెట్టి ఇంకోటి చూసుకోండి.

కన్నడ కాగితాలకు వేరే పాఠం ఉంది కానీ ఒక్క జాగ్రత్త ఇప్పుడే. భూమి విస్తీర్ణం 1-12 అని ఉంటే అది ఎకరా పన్నెండు గుంటలు. తెలంగాణవాళ్లకు ఇది అలవాటే, సెంట్లలో లెక్కేసే ఆంధ్రావాళ్లతో పాటు ఏఐ కూడా దాన్ని 1.12 ఎకరాలుగా చదివే ప్రమాదం ఉంది. ఎకరాకు 40 గుంటలు, గుంటకు రెండున్నర సెంట్లు. కాబట్టి అది 112 సెంట్లు కాదు, 130.

అభ్యాసం: మీ అగ్రిమెంట్ తీసుకుని "మెయింటెనెన్స్ నేను ఎప్పటినుంచి కట్టాలి?" అన్న ప్రశ్నకు ఈ మూడు విడతలూ నడిపించండి. తాళాలు తీసుకున్న రోజా, భవనంలో ఉండొచ్చని అధికారులిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన రోజా, బిల్డర్ నోటీసు పంపిన రోజా అన్నది తేలాలి. ఎత్తి రాసిన వాక్యాలన్నీ వెతికి చూశాక, దొరకని వాటి పక్కన ఇంటూ గుర్తు పెట్టి ఆ కాగితం దాచుకోండి. వచ్చే పాఠంలో బ్రోచర్‌నూ అగ్రిమెంట్‌నూ పక్కపక్కన పెట్టి తేడాలు లాగుదాం, బ్రోచర్ పారేసి ఉంటే బిల్డర్ ఆఫీసులో ఇంకో కాపీ అడిగి తెచ్చుకోండి.