గ్నోమ్‌లో స్క్రీన్ సెట్టింగ్ నిలవట్లేదా? ముందు ఏ ఫైల్ చదువుతోందో తేల్చుకోండి

సమస్య: లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ వాడుతున్నారు. లాగిన్ తెర దాకా అంతా బాగుంటుంది. పాస్‌వర్డ్ కొట్టి లోపలికి రాగానే రిజల్యూషన్ మారిపోతుంది. కుడివైపు మానిటర్ ఎడమకి వెళ్తుంది, నిలువుగా తిప్పి పెట్టుకున్నది అడ్డం అవుతుంది.

ఇలా అయినవాళ్లు వెంటనే ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్ (తెరని నడిపే పాత ప్రోగ్రామ్ ఎక్స్‌ఆర్గ్‌కి సెట్టింగ్స్ ఇచ్చే ఫైల్) తెరిచి రాయడం మొదలుపెడతారు. దయచేసి ఆగండి. అసలు ఆ ఫైల్‌ని సిస్టమ్ చదువుతోందా?

మొదట చూడాల్సింది

సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీకి వెళ్లి, సిస్టమ్ వివరాల్లో విండోయింగ్ సిస్టమ్ అన్న చోట ఏముందో చూడండి. వేలాండ్ (తెరని నడిపే కొత్త పద్ధతి) అని ఉంటే డెస్క్‌టాప్ అమరికకి ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్‌తో సంబంధం లేదు. అందులో ఎన్ని లైన్లు రాసినా వృథా. లినక్స్ రకాల్లో ఫెడోరా 2016లో 25వ వెర్షన్‌తోనే వేలాండ్‌కి మారింది, ఉబుంటు 21.04 నుంచి చాలా మెషీన్లలో అదే. అర నిమిషం పట్టే ఈ ఒక్క పని చేయక రోజులు పోగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

ఎక్స్11 (ఎక్స్‌ఆర్గ్ వాడే పాత పద్ధతి) అని ఉంటే ఎక్స్‌ఆర్గ్ లాగ్, అంటే అది తను చేసింది రాసుకునే ఫైల్, తెరవండి. లైన్ మొదట్లో బ్రాకెట్లలో రెండు నక్షత్రాలుంటే ఆ విలువ మీ ఫైల్ నుంచి వచ్చింది. రెండు సమాన గుర్తులుంటే డీఫాల్ట్, రెండు గీతలుంటే హార్డ్‌వేర్‌ని అడిగి తెలుసుకున్నది. మీ సెట్టింగ్ పక్కన నక్షత్రాలు లేకపోతే ఫైల్ తప్పు చోట ఉంది, లేదా పేరు చివర .కాన్ఫ్ లేదు.

అసలు దొంగ: మానిటర్స్.ఎక్స్‌ఎమ్‌ఎల్

వేలాండ్ వాడుతున్నారా? లేదా ఎక్స్11లో నక్షత్రాలు ఉన్నా లాగిన్ తర్వాత చెడుతోందా? అయితే హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే .కాన్ఫిగ్ లోపల మానిటర్స్.ఎక్స్‌ఎమ్‌ఎల్ చూడండి. సెషన్ మొదలవగానే గ్నోమ్ దీన్నే అమలు చేస్తుంది. ఎక్స్11 అయినా, వేలాండ్ అయినా అంతే. ఎక్స్‌ఆర్గ్ చేసిన అమరిక మీద ఇది వచ్చి కూర్చుంటుంది.

ఇందులో ఒక్కో అమరికా ఒక్కో బ్లాక్. ప్రతి మానిటర్‌కీ నాలుగు గుర్తింపులుంటాయి: కనెక్టర్ (కేబుల్ ఉన్న పోర్ట్ పేరు), తయారీదారు, మోడల్, సీరియల్. ఇప్పుడు తగిలించి ఉన్న మానిటర్ల జట్టుకి ఈ నాలుగూ అచ్చంగా సరిపోతేనే ఆ బ్లాక్ పనిచేస్తుంది. ఒక్కటి తేడా వచ్చినా గ్నోమ్ తనకి తోచినట్టు మానిటర్లని వరసగా పేర్చేస్తుంది.

ఒక ఆఫీసులో నేను ఈ దెబ్బ తిన్నాను. రెండు సాయంత్రాలు ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్ తిరగరాశాను. చివరికి తేలిందేమిటంటే, బల్ల తుడిచేటప్పుడు ఎవరో కేబుల్ ఊడదీసి, డిస్‌ప్లేపోర్ట్ 1లో ఉన్నదాన్ని 2లో గుచ్చారు. మానిటర్ అదే, కేబుల్ అదే. కనెక్టర్ పేరు మారింది కాబట్టి పాత బ్లాక్ జత కుదరలేదు. అప్పటి నుంచి కేబుల్ ఏ పోర్ట్‌లో ఉందో చూశాకే కీబోర్డ్ ముట్టుకుంటున్నాను.

పరిష్కారం: కేబుల్ పాత పోర్ట్‌లోకి మార్చండి, చాలు. కొత్త పోర్టే కావాలంటే మానిటర్స్.ఎక్స్‌ఎమ్‌ఎల్ పేరు మార్చి పక్కన పెట్టి (తీసేయకండి, తర్వాత పోల్చుకోడానికి పనికొస్తుంది), లాగౌట్ అయి వచ్చి, సెట్టింగ్స్‌లోనే అమర్చి అప్లై నొక్కండి. ఫైల్ మళ్లీ పుడుతుంది.

కొత్త ఫైల్లో తయారీదారు దగ్గర అన్‌నోన్ అని కనిపిస్తే, మానిటర్ తన వివరాలు చెప్పే ఈడీఐడీ కంప్యూటర్‌కి చేరట్లేదు. అది సెట్టింగ్స్‌తో తీరేది కాదు. అడాప్టర్‌నో, కేవీఎమ్ స్విచ్‌నో (ఒకే మానిటర్‌ని ఒకటికి మించిన కంప్యూటర్లకి పంచే పెట్టె) మధ్యలోంచి తీసి నేరుగా తగిలించి చూడండి.

తిరగేసిన కేసు

డెస్క్‌టాప్ బాగుంది, లాగిన్ తెరే తప్పుగా ఉందా? లాగిన్ తెర వేరే యూజర్ కింద నడుస్తుంది, మీ హోమ్ ఫోల్డర్ దానికి కనబడదు. సరైన మానిటర్స్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని సిస్టమ్ సెట్టింగ్స్ ఉండే ఈటీసీలోని ఎక్స్‌డీజీ ఫోల్డర్‌లోకి (/etc/xdg) కాపీ చేయండి.

మిగతావి

ఎక్స్11లో తెర అమర్చే ఎక్స్‌రాండర్ కమాండ్‌తో మార్చింది లాగౌట్‌తో పోవడం జబ్బు కాదు, దాని స్వభావమే అంత. గ్నోమ్ బదులు ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వాడేవాళ్లకి మానిటర్స్.ఎక్స్‌ఎమ్‌ఎల్ చేసే పని డిస్‌ప్లేస్.ఎక్స్‌ఎమ్‌ఎల్ చేస్తుంది. ఎన్విడియా కార్డ్ తీసేశాక ఎక్స్11లో తెర నల్లగా ఉండిపోతే, పాత ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్ ఇంకా ఎన్విడియా డ్రైవర్‌నే అడుగుతోందేమో చూడండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి, వచ్చే అక్షరాల తెరలో లాగిన్ అయి, ఆ ఫైల్ పేరు మార్చి రీబూట్ చేయండి. ఈ రోజుల్లో ఆ ఫైల్ లేకుండానే ఎక్స్‌ఆర్గ్ అన్నీ తనే కనిపెట్టుకుంటుంది.